నిదానముగా, ఆగకుండా



మా సంఘములోని ఒక తల్లికి ఆయాసం ఎక్కువైతే, కారు మాట్లాడి నగరంలోని పెద్దాసుపత్రికి బయలుదేరాము. వెనుక సీటులో ఆమె కుమార్తె కన్నీళ్ళతో ఉన్నది. "బాబూ, కొంచెం వేగంగా పోనివ్వు" అన్నాము.

"అయ్యగారూ, ఈ రోడ్డుమీద పరుగెత్తితే ప్రతి సిగ్నలు దగ్గరా ఆగాలండి. ఒకే తీరుగా పోతే పచ్చదీపాలే దొరుకుతాయి" అన్నాడు డ్రైవరు. అంతలో మమ్మల్ని దాటి దూసుకుపోయిన మోటారుసైకిలు కుర్రవాడు, వరుసగా మూడు సిగ్నళ్ళ దగ్గర ఎర్రదీపం ముందు నిలబడి కనిపించాడు. మేము చేరేసరికి పచ్చదీపం వెలిగేది.

దీని వెనుక ఉన్నది చిన్న లెక్కే. కొన్ని రోడ్లమీద సిగ్నళ్ళు ఒకదాని తరువాత ఒకటి పచ్చబడేటట్లు అమర్చుతారు. రెండు సిగ్నళ్ళ మధ్య దూరం 400 మీటర్లు అనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. బండి 40 సెకన్లలో రెండవ సిగ్నలు చేరుతుంది; అప్పటికి అది పచ్చబడేటట్లు పెడతారు. 72 కిలోమీటర్ల వేగంతో పోయినవాడు 20 సెకన్లలోనే చేరి, మిగిలిన 20 సెకన్లు నిలబడతాడు. ప్రాణానికి ముప్పు తెచ్చుకున్నాడే గాని, ఒక్క క్షణమైనా సంపాదించలేదు.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఇటువంటి ఏర్పాటు సైకిళ్ళకు కూడా ఉన్నది. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కేవారికి, ఉదయం నగరంలోనికి వెళ్ళేటప్పుడు పచ్చదీపాలు వరుసగా దొరుకుతాయి. సాయంత్రం ఇంటిదారిలోనూ అంతే. ఆగిన సైకిలును మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో పాలక్యాన్లు కట్టుకొని తొక్కేవారికి తెలుసు!

అయితే అన్ని రోడ్లకూ ఈ అమరిక ఉండదు. ఎర్రదీపం పడితే ఆగవలసిందే.

ఆదికాండము 33వ అధ్యాయములో యాకోబును చూడండి. కలిసి వెళ్దామని ఏశావు పిలిచినప్పుడు, పసిపిల్లలను, పాలిచ్చే మందలను ఒక్కదినము వడిగా తోలినా మంద చచ్చిపోతుందని చెప్పి, వాటి నడకనుబట్టి మెల్లగా వస్తానన్నాడు. తన వెంట ఉన్నవారి బలాన్ని ఎరిగినవాడే మంచి ఇంటి యజమాని.

ఆ తల్లి వైద్యం పొంది క్షేమంగా ఇంటికి చేరింది. ఆమెను చూచినప్పుడెల్లా, ఆనాడు తొందరపెట్టినది మేమేనని జ్ఞాపకం వస్తుంది. తల్లిదండ్రులారా, మీ కుమారుడు బండి తాళంచెవి తీసుకొనేటప్పుడు ఈ లెక్క అతనికి చెప్పండి, ప్రార్థించి పంపండి. ఆలస్యమైనా ఫరవాలేదు, ఇంటికి రావాలి.