తిమింగిలమును పుస్తకపు తేలును

2023 జులై మాసమున శ్రీకాకుళము జిల్లా మేఘవరము తీరమునకు మృత తిమింగిలమొకటి కొట్టుకొనివచ్చెను. నీలి తిమింగిలమనియు, పొడవు 25 అడుగులనియు పత్రికలు వ్రాసినవి. ఆ జాతి 30 మీటర్ల వఱకు పెరుగును, ఎల్.బి.నగరమున మనమెక్కు మెట్రో పెట్టెకంటె పొడవు. పుట్టినపుడే బిడ్డ 7 మీటర్లుండి, దినమునకు సుమారు 200 లీటర్ల పాలు త్రాగును. పత్రికలమాట నిజమైనచో, ఆ చనిపోయినది పాలు మానని పసికూనయే.

మఱి దిల్‌సుఖ్‌నగరమున మా పాత భారతపు పుటలలో దిరుగు పుస్తకపు తేలో, 4 మిల్లీమీటర్లు! తోకయు కొండియు లేవు; మనల గుట్టదు. పటకారులవంటి చేతులతో, కాగితపు జిగురును దిను సన్నపురుగులను బట్టి భక్షించును. ఈగకాలు పట్టుకొని యూళ్లు తిరుగును, బండికూలి లేదు.

అయినను దాని తల్లి గ్రుడ్లను పొట్టక్రింద సంచిలో మోయుచు, తన దేహమున నూరు రసమునే పిండములకు బట్టును. అది పాలు కాదని శాస్త్రజ్ఞులందురు. కానిండు, తల్లులమైన మాకు వేఱుమాట తోచదు.

బీరువాలో మందు చల్లినచో ఈ కాపరియు జచ్చును. పుస్తకములకు చెమ్మ తగులనీయకున్న, ఆ సన్నపురుగులు తామే తగ్గును.