పాత రాస్ప్‌బెర్రీ పైలో రిస్క్ ఓఎస్: మా ఊరి పేరు తెలుగులో చూపించగలదా?

బీటెక్ మూడో ఏడాదిలో ప్రాజెక్టు కోసం కొన్న రాస్ప్‌బెర్రీ పై 3బీ ఒకటి రామచంద్రపురంలో మా ఇంటి బీరువాలో ఊరికే పడి ఉంది. మీలో చాలామంది దగ్గర కూడా ఇలాంటి బోర్డు ఒకటి మూలన పడి ఉండే ఉంటుంది. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు దాన్ని బయటికి తీశాను. ఏడో తరగతి చదువుతున్న మా అక్క కూతురికి ప్రోగ్రామింగ్ అంటే ఏంటో చూపిద్దామని ప్లాన్.

ముందు మామూలు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేశాను. ఉన్నది 1 జీబీ ర్యామ్. బ్రౌజర్ తెరిస్తే చాలు, బోర్డు మూలగడం మొదలుపెట్టింది. పైగా బ్రౌజర్ కనపడగానే మా పిల్ల అడిగిన మొదటి మాట "యూట్యూబ్ పెట్టు మావయ్యా". ఇలా కాదని, ఎప్పటినుంచో ట్రై చేద్దామనుకుంటున్న రిస్క్ ఓఎస్ ఎక్కించాను. నాలుగు రోజుల్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నా.

అసలు ఏంటీ రిస్క్ ఓఎస్?

మీ ఫోన్‌లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ అయినా, మీడియాటెక్ అయినా, ఆపిల్ చిప్ అయినా లోపల నడిచేది ఆర్మ్ ఆర్కిటెక్చరే. ఆ ఆర్మ్‌ని డిజైన్ చేసింది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే కంప్యూటర్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్. మొదటి చిప్ 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. దాన్ని వాడుకుని 1987లో ఏకార్న్ ఆర్కిమిడీస్ కంప్యూటర్ వచ్చింది. దాని ఓఎస్ పేరు మొదట ఆర్థర్, 1989 నుంచి రిస్క్ ఓఎస్. అంటే ఆర్మ్ కోసమే పుట్టిన ఓఎస్ ఇది, ఆండ్రాయిడ్ కంటే రెండు దశాబ్దాలు పెద్దది.

ఏకార్న్ కంపెనీ పోయింది గానీ ఓఎస్ మిగిలింది. 2012లో రాస్ప్‌బెర్రీ పైకి వచ్చింది. 2018లో అపాచీ 2.0 లైసెన్సుతో ఓపెన్ సోర్స్ అయింది. 2024లో వచ్చిన 5.30 వెర్షన్‌తో పై బోర్డుల్లో వైఫై కూడా పనిచేయడం మొదలైంది.

ఎక్కించడం, మొదటి అనుభవం

2 జీబీ ఎస్డీ కార్డు చాలు. ఇమేజ్ రాసి, టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి ఆన్ చేస్తే, పదిహేను లెక్కపెట్టేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. అదే బోర్డు, అదే టీవీ. ఓఎస్ అసలు భాగం అంతా ఒక్క ఫైల్. దాని సైజు పది ఎంబీ కూడా ఉండదు, వాట్సాప్‌లో పంపుకునే పెళ్లి వీడియో అంతకంటే పెద్దది.

మౌస్‌కి మూడు బటన్లు ఉండాలి. మెనూ బార్ అంటూ ఎక్కడా కనపడదు. మధ్య బటన్ నొక్కితే ఉన్నచోటే మెనూ వస్తుంది. స్క్రోల్ వీల్ నొక్కినా సరిపోతుంది. ఫైల్ సేవ్ చేయాలంటే చిన్న ఐకాన్‌ని పట్టుకుని ఫోల్డర్‌లోకి లాగి వదలాలి. నాకు ఇది అలవాటు కావడానికి ఒక రోజు పట్టింది. మా పిల్లకి పది నిమిషాలు. విండోస్ అలవాట్లు లేకపోవడం ఒక్కోసారి లాభమే.

ఎఫ్12 నొక్కి బేసిక్ అని టైప్ చేస్తే బీబీసీ బేసిక్ సిద్ధం. ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. మొదటి రోజే తన పేరు స్క్రీన్ నిండా పరుగెత్తేలా రెండు లైన్ల ప్రోగ్రామ్ రాసింది. నేను మీసం మెలేసుకునేలోపు ప్రశ్న పడింది.

"తెలుగు ఎక్కడుంది మావయ్యా?"

కోటిపల్లి లైన్లో మా స్టేషన్ బోర్డు మీద ఉంటుందే, అలా పెద్ద అక్షరాలతో 'రామచంద్రపురం' అని టీవీలో రావాలట. ఎంతసేపూ ఇంగ్లిషేనా అని దాని బాధ. రాదు అని చెబితే, "అయితే నా ఫోనే గొప్పది కదా" అనేసి లేచి వెళ్లిపోయింది.

నిజానికి ఆ మాటలో న్యాయం ఉంది. రామచంద్రపురం అని ఫోన్‌లో రాసినప్పుడు లోపల నిలవ ఉండేది 12 యూనికోడ్ అంకెలు: ర, దీర్ఘం, మ, చ, సున్న, ద, పొల్లు, ర, ప, కొమ్ము, ర, సున్న. యూటీఎఫ్-8లో 36 బైట్లు. మన కంటికి కనపడేవి మాత్రం ఆరే: రా, మ, చం, ద్ర, పు, రం. ఆ పన్నెండింటిని ఈ ఆరుగా అల్లే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. రిస్క్ ఓఎస్ ఫాంట్ మేనేజర్‌కి యూనికోడ్ అంకెలు తెలుసు గానీ ఈ అల్లిక రాదు.

ఇది చిన్న పనేం కాదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగు 'జ్ఞా' ఒక రకంగా టైప్ చేసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే మన ఒక్క అక్షరం చుక్కలు చూపించింది.

గళ్ల నోటుబుక్కుతో ఫాంట్

అప్పుడు బీబీసీ బేసిక్‌లో ఉన్న ఒక పాత సౌకర్యం గుర్తొచ్చింది. వీడీయూ 23 అనే ఆదేశంతో మన సొంత అక్షరం తయారు చేసుకోవచ్చు. 8 అడ్డు, 8 నిలువు గళ్లు. ప్రతి వరసలో ఎడమ నుంచి గళ్ల విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ల విలువలు కూడితే ఆ వరస అంకె వస్తుంది. లెక్కల గళ్ల నోటుబుక్కు తెచ్చి, 'ర' గీసి చూపించాను:

వీడీయూ 23,224,3,70,60,66,129,129,66,60

మొదటి రెండు అంకెల్లో 23 ఆదేశం, 224 ఆ అక్షరానికి మనం ఇచ్చిన నంబరు. మిగతా ఎనిమిదీ ఎనిమిది వరసలు. టీవీ మీద తలకట్టుతో సహా 'ర' కనపడేసరికి, వెళ్లిపోయిన మనిషి వెనక్కి వచ్చి కూర్చుంది. బైనరీ అన్న మాట నేను ఒక్కసారి కూడా వాడలేదు. కూడికలు అది చేసుకుంటూ పోయింది.

8 గళ్లలో 'ద్ర' పట్టదు. అందుకని ఒక్కో అక్షరానికి నాలుగు ముక్కలు కలిపి 16 గళ్ల చదరం చేశాం. 'రా' రాయాలంటే 'ర' పక్కన దీర్ఘం పెడితే కుదరదు, తలకట్టు తీసెయ్యాలి అని దానికదే కనిపెట్టింది. 'పు'కి కొమ్ము కింద నుంచి తిప్పాలి. సున్న మాత్రం ఒకసారి గీస్తే చం, రం రెండింటికీ సరిపోతుంది. చివరికి రా, మ, చ, ద, పు, ర, సున్న, ర వత్తు అని ఎనిమిది ఆకారాలు తేలాయి. ముప్పై రెండు ముక్కలు, 256 అంకెలు. 224 నుంచి 255 వరకు ఉన్న నంబర్లు సరిగ్గా సరిపోయాయి.

ర వత్తు దగ్గర ఆగిపోయాం. మామూలుగా అయితే కొత్త అక్షరం పాతదాన్ని చెరిపేస్తుంది. వీడీయూ 5 అని ఇస్తే అక్షరాన్ని స్క్రీన్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ, పాతది చెరగకుండా దాని మీదే వేయొచ్చు. 'ద' వేసి, కాస్త కిందకి, ఎడమకి జరిగి వత్తు వేస్తే 'ద్ర' అయింది. షేపింగ్ ఇంజిన్ చేసే పనిలో ఒక చిన్న ముక్క మేం చేత్తో చేశామన్నమాట.

సగం టైప్ చేశాక కరెంటు పోయింది. సేవ్ చేయలేదు. ఏడుస్తుందేమో అనుకున్నా. "నోటుబుక్కులో ఉన్నాయిగా" అంది. కరెంటు వచ్చాక మళ్లీ మొత్తం కొట్టింది, పది లైన్లకోసారి సేవ్ చేసుకుంటూ. ఫైల్‌కి 'ఊరు' అని పేరు పెడదామంటే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే దిక్కయ్యాయి. కనుమ రోజు సాయంత్రం టీవీలో రామచంద్రపురం వచ్చింది. 'మ' కొంచెం వంకర. అమ్మమ్మని చేయి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించింది.

మరి మీరు వాడొచ్చా?

రోజువారీ వాడకానికి వద్దు. నెట్‌సర్ఫ్ బ్రౌజర్ ఉంది గానీ యూట్యూబ్, బ్యాంకింగ్ మర్చిపోండి. నాలుగు కోర్లున్న బోర్డులో ఒక్క కోరే వాడుతుంది. ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటేనే నడుస్తాయి, ఒకటి మొండికేస్తే అన్నీ ఆగుతాయి. ఇది 32 బిట్ ఓఎస్ కాబట్టి రాస్ప్‌బెర్రీ పై 5 మీద నడవదు. ఆ ప్రాసెసర్ 32 బిట్ ఓఎస్‌ని ఒప్పుకోదు. పై 4, 400, అంతకంటే పాతవి ఉంటేనే ప్రయత్నించండి. దీనికోసం కొత్త బోర్డు కొనకండి.

కానీ మూలన పాత పై ఉంటే, ఇంట్లో ప్రశ్నలు అడిగే పిల్లలుంటే, ఒక శనివారం దీనికి ఇవ్వండి. ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నా, తెలుగు అక్షరం స్క్రీన్ మీదకి ఎలా వస్తుందో నేను సరిగ్గా ఆలోచించింది ఈ నాలుగు రోజుల్లోనే. ఫోన్‌లో అన్నీ వచ్చేస్తాయి కాబట్టి అవసరం పడలేదు.

రిస్క్ ఓఎస్ సోర్సు ఓపెనే, హార్ఫ్‌బజ్ సోర్సూ ఓపెనే. ఆ రెండింటినీ కలపడం ఎంత కష్టమో చూద్దామని ఫాంట్ మేనేజర్ కోడ్ చదవడం మొదలుపెట్టాను. బోర్డు మాత్రం ఊళ్లోనే వదిలేసి వచ్చాను. నిన్న ఫోన్ చేసి, 'ద్రాక్షారామం'లో 'క్షా' పదహారు గళ్లలో పట్టడం లేదు, ఏం చెయ్యమంటావ్ మావయ్యా అని అడుగుతోంది.