బడి చూడాలా... ఇల్లు చూడాలా?

ఇంగ్లండు వచ్చిన కొత్తలో మేమూ తికమకపడ్డాం. ఇక్కడ 'పబ్లిక్ స్కూల్' అంటే సర్కారు బడి కాదండీ, ఈటన్ లాంటి ఖరీదైన ప్రైవేటు బడి! సర్కారు బడిని 'స్టేట్ స్కూల్' అంటారు. అక్కడ ఫీజు లేదు.

ప్రైవేటు బడికి పంపితేనే పరువు అనుకుంటూ పెరిగినవాళ్లం. పాపకి నాలుగేళ్లు నిండేసరికి మా ఆలోచనా అటే పోయింది. అయితే 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడింది. లెక్క వేస్తే ఇద్దరి జీతాలూ చాలేలా లేవు.

పోనీ ఉచిత బడి సులువా? అదీ కాదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే చాలాచోట్ల దగ్గర్లో ఉన్నవారికే మొగ్గు. అందుకే మంచి బడి చుట్టుపక్కల ఇళ్లకు గిరాకీ. ఫీజు లేదనుకుంటాం గానీ, అద్దె రూపంలో కడుతూనే ఉంటాం.

ఇంగ్లండులో 163 గ్రామర్ స్కూళ్లున్నాయి. అవీ ఉచితమే. కాకపోతే 'ఎలెవెన్ ప్లస్' పరీక్ష నెగ్గాలి. ఎంసెట్ కోచింగ్ గోల వదిలిందనుకుంటే, ఇక్కడ తొమ్మిదేళ్లకే ట్యూషన్లు మొదలు!

ఒక్కటి మాత్రం మరవొద్దు. దరఖాస్తుకు గడువు ప్రైమరీకి జనవరి 15, సెకండరీకి అక్టోబరు 31. తేదీ దాటితే ఇల్లు దగ్గరున్నా కోరుకున్న బడి దక్కడం కష్టమే.

చివరికి మేం చిన్న ఇంట్లోకి మారాం. పాప స్టేట్ స్కూలుకి నడిచే వెళ్తోంది. "లండన్ వెళ్లి గవర్నమెంటు బడా?" అని అమ్మ ఫోన్లో అడిగినప్పుడు మాత్రం ఇంకా నీళ్లు నములుతూనే ఉన్నాం. పాప మాత్రం సెలవురోజు కూడా బడికి పోదామంటోంది.