నెత్తిన సముద్రాన్ని మోస్తున్న ఎవరెస్ట్

1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో ఓ ఆంగ్లేయ అధికారి గుట్టలెక్కి కోణాలు కొలుస్తూ తిరిగాడు. వానాకాలంలో ఆయనకూ, ఆయన మనుషులకూ అడవి జ్వరం పట్టుకుంది. కోలుకోవడానికి మరుసటి ఏడాది ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్‌కు ఓడెక్కాల్సి వచ్చింది. ఆయనే జార్జ్ ఎవరెస్ట్.

ఆయన కోణాలు కొలిచింది 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వే కోసం. అది దశాబ్దాల తరబడి ఉత్తరానికి సాగి హిమాలయాల పాదాలను చేరింది. నేపాల్ శిఖరాలను కొలిచే నాటికి ఎవరెస్ట్ పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లిపోయాడు. నేపాల్ తన గడ్డ మీద అడుగుపెట్టనివ్వకపోవడంతో, సర్వేయర్లు వంద మైళ్లకు పైగా దూరంలోని మైదానాల నుంచే శిఖరాలను కొలిచారు. ఆ లెక్కలు కట్టినవాడు బెంగాలీ గణితవేత్త రాధానాథ్ సిక్దర్. 15వ నంబరు శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. 2020లో నేపాల్, చైనా కలిసి తేల్చిన 8,848.86 మీటర్ల ఎత్తుకూ, ఆనాటి లెక్కకూ తేడా 30 అడుగులే!

అప్పటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ఆ శిఖరానికి తన పూర్వాధికారి పేరు ప్రతిపాదించాడు. ఇక్కడి జనానికి ఆ పేరు నోరు తిరగదని ఎవరెస్టే అభ్యంతరం చెప్పినా, 1865లో అదే ఖాయమైంది. టిబెటన్లు మాత్రం ఏనాటి నుంచో దాన్ని చోమోలుంగ్మా అంటున్నారు. నేపాలీలు వాడే సాగర్‌మాథా అనే పేరు చరిత్రకారుడు బాబూరామ్ ఆచార్య పెట్టింది.

శిఖరాగ్రాన ఉన్నది సున్నపురాయి. సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట వెచ్చని, లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న బురద అది. ట్రైలోబైట్ల వంటి సముద్రజీవుల పెంకుల ముక్కలు నేటికీ ఆ రాతిలో కనిపిస్తాయి. దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట భారత భూఫలకం ఆసియాను ఢీకొనడంతో మధ్యనున్న టెథిస్ సముద్రం మూసుకుపోయి, దాని అడుగు ముడతలు పడి పైకి లేచింది. ఆ నెట్టుడు ఇంకా ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌ను కుదిపేసిన భూకంపానికి మూలం అదే.

శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో మూడో వంతే. శీతాకాలంలో జెట్ స్ట్రీమ్ గాలులు గంటకు 160 కిలోమీటర్లు దాటి దాన్ని చరుస్తాయి. రుతుపవనాలు వచ్చే ముందు, మే నెల రెండో సగంలో, ఆ గాలులు ఉత్తరానికి జరుగుతాయి. ఎక్కేవాళ్లు కాచుకునేది ఆ కొద్ది రోజుల కోసమే. తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే శిఖరం చేరింది 2014 మే 25న.

రుతుపవనాలు వచ్చాక బంగాళాఖాతం తేమ మంచుగా కురుస్తుంది. ఆ సముద్రానికి హిమాలయాలు ఎంత దగ్గరో అదే ఏడాది అక్టోబరులో తెలిసింది. విశాఖను ఛిద్రం చేసిన హుద్‌హుద్ తుపాను రెండు రోజుల్లోనే నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానై 40 మందికి పైగా ప్రాణాలు తీసింది.

2019లో శాస్త్రవేత్తలు ఎవరెస్ట్ మీద వాతావరణ కేంద్రాలు నెలకొల్పి, సౌత్ కోల్ హిమానీనదాన్ని తవ్వి పరీక్షించారు. అక్కడ పైపొరగా బయటపడి ఉన్న మంచు వయసు దాదాపు 2 వేల ఏళ్లు. దాని మీద ఉండాల్సిన పొరలు కరిగి, ఆవిరైపోయాయి. 8 వేల మీటర్ల ఎత్తు కూడా వాటిని కాపాడలేదు.