జాతర కాగితంలో అచ్చుతప్పు



జాతర దగ్గరపడిందంటే ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ ముందుగా హడావిడి మొదలయ్యేది ప్రెస్సుల్లోనే. గోడపత్రికలు, కరపత్రాలు, చందా రసీదులు, ఆహ్వానాలు, అన్నీ రేపటికే కావాలంటారు. ఆ తొందరలో 'భక్తులందరికీ ఉచిత ప్రసాదం' కాస్తా 'ఉచిత ప్రమాదం' అయిందనుకోండి! మహిళలకు పెట్టిన 'వంటల పోటీ', 'మంటల పోటీ' అయిందనుకోండి! దాతలకు 'కృతజ్ఞతలు' చెప్పబోయి 'కృతఘ్నతలు' చెప్పామనుకోండి! ఊరంతా నవ్వుకుంటారు. కమిటీవారు తలెత్తుకోలేరు. ఇంతకీ ఈ తప్పులు ఎందుకు పడతాయి, పడకుండా మనం ఏం చేయవచ్చు అన్నది ఇవాళ చెప్పుకుందాం.

మన అక్షరాల్లో అక్కచెల్లెళ్లలాంటివి చాలా వున్నాయి. 'వ'కీ 'మ'కీ తేడా చిన్న కొమ్ము. 'ద'కీ 'ధ'కీ తేడా ఒక్క గీత. పైగా కింద వత్తులు, పక్కన సున్నలు. కొల్లేటికోట అమ్మవారి పేరే చూడండి, పెద్దింట్లమ్మ. ఆ ఒక్క పేరులో మూడు వత్తులు, ఒక సున్న వున్నాయి. ఏ ఒక్కటి జారినా తల్లి పేరు తల్లిది కాకుండా పోతుంది. సీసం అక్షరాలు పేర్చే రోజుల్లో ఆ అక్షరాలు అద్దంలో బొమ్మలా ఎదురుతిరిగి వుండేవి. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి కదా, తప్పులు పోయాయా అంటే పోలేదు. ఒక ఫాంటులో కొట్టిన మేటరు ఇంకో ఫాంటులోకి మారిస్తే వత్తులు చెదిరిపోతాయి. ఫోనుకి నోటితో చెప్పి రాయిస్తే అది తనకు తోచిన మాట వేస్తుంది.

ఈ బాధ మన భాషకే అనుకోకండి. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఏలూరుని 'ఎల్లోర్' అని రాసేవారు. ముందొక 'ఎన్' తగిలిస్తే అది నెల్లూరు, 'వి' తగిలిస్తే వెల్లూరు! 2012లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు పట్టాల పండగకి వేసిన పుస్తకంలో 'పబ్లిక్' అన్న మాటలో ఒక్క 'ఎల్' ఊడిపోయింది. మిగిలిన మాట నలుగురిలో పలికేది కాదు. వారు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 2013లో వాటికన్‌వారు పోపుగారి పేర వేయించిన పతకాల మీద 'జీసస్' బదులు 'లీసస్' అని పడి, వేలకొద్దీ పతకాలు వెనక్కి తీసుకున్నారు.

వీటన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఆస్ట్రేలియా సంగతి. ఆ దేశపు 50 డాలర్ల నోటు మీద ఎడిత్ కోవన్ బొమ్మ వుంటుంది. 1921లో ఆ దేశంలో చట్టసభకి ఎన్నికైన మొదటి మహిళ ఆవిడ. 2018లో వచ్చిన కొత్త నోటు మీద ఆవిడ ఉపన్యాసం సన్నని అక్షరాలతో వేశారు. అందులో 'బాధ్యత' అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలోనే ఒక అక్షరం ఎగిరిపోయింది! 4 కోట్ల 60 లక్షల నోట్లు చలామణీలోకి వచ్చాక, 2019 మేలో గాని సంగతి బయటపడలేదు. చూసినవారు లేక కాదు. ఏం వుండాలో తెలిసినవాళ్ల కంటికి ఏం వుందో కనపడదు. మాటని అక్షరం అక్షరంగా కాక ఒక్క చూపులో చదివేస్తాం గనుక, లేని అక్షరాన్ని మనసే పూరించుకుంటుంది.

ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట కొల్లేటి అంచున ఒక ఊరి జాతరకి కరపత్రం ప్రూఫు చూసే పని నాకిచ్చారు. వత్తులు దిద్దాను, దీర్ఘాలు దిద్దాను, పెద్దల పేర్ల ముందు 'శ్రీ'లు సరిచూశాను. కల్యాణం తేదీ 13 అయితే, అరిగిపోయిన 3 పడవలసిన చోట 8 పడింది. నేను చూడలేదు. సంతకం పెట్టేశాను.

18వ తేదీ పొద్దున లంక గ్రామాన్నించి ఒక పెద్దావిడ వచ్చింది. మనవడికి జ్వరం తగ్గితే చీర పెడతానని మొక్కుకుందిట. చదువురాదు. ఎవరిచేతనో కాగితం చదివించుకుని, కల్యాణం నాటికే మొక్కు తీర్చాలని ఆ రోజుకి బయల్దేరింది. చీర, గాజులు, చలిమిడి పట్టుకుని వచ్చేసరికి పందిరి రాటలు పీకుతున్నారు. "అచ్చులో వుందన్నారు గదమ్మా, నిజమే అనుకున్నాను" అన్నది. అంతే. కమిటీవారు ప్రెస్సు కుర్రాణ్ణి కేకలేశారు. సంతకం నాదని అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అక్షరం తప్పితే నవ్వుకుంటాం. అంకె తప్పితే ఎవరో ఒకరు నష్టపోతారు. ఆ నష్టం సాధారణంగా చదువురాని వాళ్లదే. చదువుకున్నవారు తప్పుని తప్పని పోల్చుకోగలరు. వినేవారు నమ్మేస్తారు.

కాబట్టి ప్రూఫు మీ చేతికి వస్తే ఇలా చేయండి. ఒకరు అసలు ప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టి చూడాలి. పేర్లు, అంకెలు విడిగా మరోసారి చూడాలి. పెద్దక్షరాల శీర్షికని తప్పక చదవాలి, దాన్నే అందరూ వదిలేస్తారు. తిథి, వారం, తేదీ మూడూ వేయించండి. ఆ మూడూ ఒకదానికొకటి సాక్ష్యం. మా కాగితంలో శుక్రవారం అని సరిగానే వుంది. క్యాలెండరు తీస్తే 18 బుధవారమని తెలిసేది. నేను తీయలేదు.

నిరుటి కాగితం మీద తేదీ మార్చి వేయించేవారు మరీ జాగ్రత్త. మన తిథులు ఏటా ఒకే తేదీకి రావు. పెద్దింట్లమ్మ జాతర జరిగేది ఫాల్గుణ శుద్ధంలో. 'శుద్ధ'కి బదులు 'బహుళ' పడితే పక్షమే మారిపోతుంది. ఊళ్ల చిరునామాలూ అంతే. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లా నించి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే మిగిలింది. పాత కాగితానికి ఈ సంగతులు తెలియవు.

దిద్దిన తరవాత మళ్లీ ఒకసారి చదవండి, దిద్దేటప్పుడు కొత్త తప్పు దూరుతుంది. అన్నీ చేసినా తప్పు పడిందా, దాచకండి. తప్పు అంకె మీద చీటీ అంటించండి. కాగితం చేరిన ప్రతి ఊళ్లోనూ మైకులో చెప్పించండి. చదవలేని వారికి మైకే కాగితం.

ఆ పెద్దావిడ చీర అమ్మవారికి ఆ రోజే పెట్టించాం. వెళుతూ వెళుతూ ఆవిడ నాకూ ఇంత చలిమిడి పెట్టి వెళ్లింది. అప్పటినించీ ఏ ప్రూఫు చూసినా ముందు చూసేది అంకెలే.