చైత్రమున రాళ్లవాన

ఎండలు ముదురు వేళ ఆకాశమునుండి మంచుగడ్డలు పడుట పట్నవాసులకు వింతగా తోచును. హుస్నాబాద్ పరిసరముల రైతునకు అది వింత కాదు, భయము. యాసంగి వరి కంకి పట్టి, మామిడి కాయ ఊరి, మక్కజొన్న కోతకు వచ్చు ఫాల్గుణ చైత్రములలోనే ఈ ఆపద వచ్చును. పుస్తకములలో వడగండ్లన్నను, మన పల్లెలలో దీని పేరు రాళ్లవానయే.

2023 మార్చి నడుమ తెలంగాణములోని పలు జిల్లాలపై ఇట్టి వాన పడినది. ఆ నెల 23వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాలలో నష్టమును చూచి, ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించిరి. నాటి ప్రభుత్వపు లెక్కలో దెబ్బతిన్న పైరు సుమారు 2,28,000 ఎకరములు. ఏప్రిల్ నెలలో మరల వానలు పడి, కొనుగోలు కేంద్రములలో రాశిపోసిన ధాన్యము సైతము తడిసినది.

హిమాలయములపై కురియు హిమమునకును ఈ రాళ్లకును పుట్టుకలోనే భేదము కలదు. చల్లని మేఘములో నీటియావిరి నేరుగా స్ఫటికములై మెల్లగా దిగునది హిమము. రాయి పుట్టుటకు నేల కాగవలెను. కాగిన నేలపై గాలి వేడెక్కి పైకి లేచును. బంగాళాఖాతపు తేమగాలియు, వాయవ్యపు పొడిగాలియు కలిసిన చోట మేఘము 12 కిలోమీటర్లకు మించి పెరుగును. సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటిన పిమ్మట నీరు గడ్డకట్టు చలి యుండును. అయినను అచటి చినుకులు పెక్కు నీరుగానే నిలిచి, మంచుకణము తగిలినంతనే దానిపై గడ్డకట్టును. ఎగయు గాలి ఆ కణమును మోయుచుండగా పొరపై పొర చేరును. గాలి మోయలేనంత బరువైన నాడు రాయి నేలకు దిగును. దానిని కోసి చూచినచో ఉల్లిగడ్డవలె పొరలు కానవచ్చును.

రాళ్లవాన నేటిది కాదు. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాదులో 246 మంది దీనికి బలియైరి. కనుక ఒక్క వానను చూపి, ఇది భూతాపమువలననే వచ్చినదనుట తగదు. అయితే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్లు అధికముగా ఆవిరిని పట్టగలదు. మేఘమునకు అదియే బలము. మరియొక వంక, గడ్డకట్టు ఎత్తు పైకి జరుగును గనుక చిన్నరాళ్లు దారిలోనే కరగును. పెద్దవి మాత్రము నేల చేరును. రాళ్లు పడు దినములు తగ్గినను, పడిన నాటి దెబ్బ పెరుగవచ్చునని శాస్త్రజ్ఞుల హెచ్చరిక.

మేఘమును ఆపుట మన చేత కాదు. పంటకాలమును ముందుకు జరుపుట మన చేతిలోనిదే. స్వల్పకాలిక వంగడమును ఎన్నుకొని, నారు ముందుగా పోసి, మార్చి చివరకు కోత ముగించినచో గండము చాలవరకు తప్పును. కోతకు వచ్చిన వరి పడిపోయినచో వెంటనే నీరు తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులపై చల్లినచో గింజ మొలకెత్తదు. ధాన్యము కల్లములో నున్నన్నాళ్లు టార్పాలిన్ చేరువలో నుండవలెను.

వాతావరణ శాఖ ఉరుములు, ఈదురుగాలుల హెచ్చరికను కొన్ని గంటల ముందు తెలుపుచున్నది. ఆ కొద్ది గంటలే రాశిని కప్పుటకును, పశువులను కొట్టమునకు తోలుటకును, చెట్టు క్రింద నిలిచినవారు ఇల్లు చేరుటకును చాలును. చైత్రమున రేడియో వార్తల వెంబడి వచ్చు ఆ నాలుగు మాటలను విని, పొరుగువారికి కూడ చెప్పుడు.