శ్రవణము మొదలు లేఖనము వఱకు: ఉప్పలు, నాచారము బడులలో తెలుగు బోధన

భాషాభ్యసనమునకు శ్రవణము, భాషణము, పఠనము, లేఖనము అని నాలుగు అంగములు. తరగతిలో తఱచుగా ఈ క్రమము తలక్రిందగుచున్నది. వ్రాతపరీక్ష ముఖ్యముగా లేఖనమునే కొలుచును గావున చూచివ్రాతయే మొదటి పాఠమగుచున్నది. ఇందువలన కలుగు నష్టమును హైదరాబాదు తూర్పు భాగముననున్న ఉప్పలు, నాచారము ప్రాంతములను ఉదాహరణముగా గైకొని వివరింపదలచినాము.

నాచారమున పారిశ్రామికవాడ కలదు. పనికై పరరాష్ట్రములనుండి వచ్చిన కుటుంబములు అచట నివసించుచున్నవి. ఉప్పలు మార్గమున, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మున్నగు పరిశోధనాలయములు కలవు. కావున ఇచటి బడులలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా ఇంటిభాషలుగా గల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండుట వింత కాదు. తెలంగాణ రాష్ట్రము చేసిన 2018 నాటి చట్టము ననుసరించి, 2018–19 విద్యాసంవత్సరము మొదలు దశలవారీగా, వీరందఱకును తెలుగు తప్పనిసరి పాఠ్యవిషయమైనది.

మన లిపి చాలవఱకు ఉచ్చారణము ననుసరించునది. గుణింతములు, ఒత్తులు పట్టుబడిన బాలుడు అర్థము తెలియకయే పాఠమును గడగడ చదువగలడు. దానినే పఠనమని ఉపాధ్యాయుడు భ్రమించుట కవకాశమున్నది. ఇంట తెలుగు వినని బాలుని విషయమున ఈ ప్రమాదము మఱింత ఎక్కువ. హిందీలో హ్రస్వములైన ఎ, ఒలకు వేరు అక్షరములు లేవు. అందుచే 'మెడ–మేడ', 'దొర–దోర' అను జంటలలోని భేదము ఆ భాషవాడైన బాలుని చెవికి వెంటనే అందకపోవచ్చును. చెవికి అందనిదానిని చేయి ఎట్లు వ్రాయగలదు? ఎఱ్ఱసిరాతో దిద్దుటకు ముందు ఆ మాటలను వాక్యములలో పలుమారులు వినిపించి, పలికింపవలెను.

ఇంట తెలుగే మాటాడు బాలుని చిక్కు వేరు. 'వచ్చిండు' అన్నవానిని మాట నడుమ ఆపి 'వచ్చాడు' అనుమన్నచో అతడు మాటాడుటయే మానవచ్చును. ముందు అతని మాటను పూర్తిగా విని, పిమ్మట పాఠ్యగ్రంథములోని రూపమును దాని సరసన చూపవలెను. రెండును తెలుగేయని చెప్పవలెను.

గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడి ప్రాంతమున సవర పిల్లలకు చదువు చెప్పదలచి, ముందు తానే సవరభాషను నేర్చెను. పిదప వారికొఱకు పుస్తకములు వ్రాసెను. శ్రవణము విద్యార్థికే కాక బోధకునకును మొదటి పాఠమని ఇందువలన తెలియుచున్నది.

ఆచరణమునకు పెద్ద సామగ్రి అక్కఱలేదు. ఉపాధ్యాయుడు ఒక చిన్న కథ చెప్పవలెను. పిల్లలు ఇద్దఱిద్దఱుగా దానిని తమ మాటలలో మరల చెప్పుకొనవలెను. వారు పలికిన వాక్యములలో రెండింటిని నల్లబల్లపై వ్రాసి చదివింపవలెను; తుదకు పుస్తకమున వ్రాయింపవలెను. ఇట్లు ఒక్క పాఠముననే నాలుగంగములును క్రమముగా నెఱవేఱును. చదివినది అర్థమైనదో లేదో తెలియుటకు, మునుపు చూడని నాలుగు వాక్యములనిచ్చి, వానిలోని సంగతిని నోట చెప్పింపవలెను.

పిల్లల వ్రాతలోని దోషములను వారి ఇంటిభాష ననుసరించి వర్గీకరించుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని. ఏ దోషము చెవిదో, ఏది చేతిదో తేలిననాడు ఉపాధ్యాయుని శ్రమ సగము తగ్గునని మా విశ్వాసము.